కొనే కంపెనీ సస్టెయినబిలిటీ ఫారం పంపింది, పలుగురాయి యూనిట్లో ముందు ఏం చేయాలి?

మీరు రాసిన దాంట్లో నాకు అర్థమైంది ఇది. మహబూబ్‌నగర్ జిల్లా బాలానగర్ దగ్గర మీ కుటుంబానికి పలుగురాయి ఆడించే చిన్న యూనిట్ ఉంది. ఉక్కు కరిగించే ఇండక్షన్ ఫర్నేసుల లోపలి పూతకు వాడే ర్యామింగ్ మాస్ సప్లై చేస్తారు. మీ పెద్ద కస్టమర్ ఈసారి ఆర్డర్‌తో పాటు పొడవాటి సస్టెయినబిలిటీ ఫారం ఒకటి పంపాడు. దుమ్ము, నీళ్లు, కరెంటు, పనివాళ్ల ఆరోగ్యం అన్నీ అడిగాడు. కన్సల్టెంట్ ఒకాయన రెండు లక్షలిస్తే ఫారం నింపి సర్టిఫికెట్ కూడా తెస్తానన్నాడు. మీ బావమరిదేమో మాస్కులు కొనిచ్చి, గోడ వెంట మొక్కలు నాటి ఫొటోలు పంపితే చాలంటున్నాడు. ఈలోగా పక్క చేను రైతు, పత్తి మీద దుమ్ము పడుతోందని కాలుష్య నియంత్రణ మండలికి (పీసీబీకి) అర్జీ పెట్టాడు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియట్లేదు, టెన్షన్‌గా ఉంది అన్నారు.

సంచులు నింపే చోట మొదలుపెట్టండి. ఫారం, మాస్కులు, మొక్కలు అన్నీ దాని తర్వాతే. నేను షాద్‌నగర్, జడ్చర్ల వైపు ఇలాంటి యూనిట్లలో మెయింటెనెన్స్ చూసి, తర్వాత సేఫ్టీ పనిలోకి వచ్చినవాణ్ణి. అందుకని జవాబు కొంచెం పొడుగ్గానే ఉంటుంది, ఓపిక చేసుకోండి.

ముందు ఆ ఫారం సంగతి. మీ కస్టమర్‌కు ఉన్నట్టుండి పర్యావరణం మీద ప్రేమేమీ పుట్టలేదు. షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ 2021లో బీఆర్‌ఎస్‌ఆర్ అనే (వ్యాపార బాధ్యత, సస్టెయినబిలిటీ) రిపోర్టు పద్ధతి తెచ్చింది. మార్కెట్ విలువలో మొదటి 1000 లిస్టెడ్ కంపెనీలు 2022-23 నుంచి ఏటా దాన్ని ఇచ్చి తీరాలి. అందులో తొమ్మిది సూత్రాలుంటాయి. మూడోది ఉద్యోగుల బాగోగులు, ఆరోది పర్యావరణం. ఆ మూడో సూత్రంలోనే, సొంత ఉద్యోగులతో పాటు సరుకు సప్లై చేసేవాళ్ల దగ్గర పనిచేసేవాళ్లను కూడా కలిపారు. దాంతో పెద్ద కంపెనీ తన సప్లయర్‌ను అడుగుతుంది, ఆ సప్లయర్ తన కింది సప్లయర్‌ను అడుగుతాడు. అలా దిగుతూ దిగుతూ ఆ ప్రశ్న మీ బాల్ మిల్లు దాకా వచ్చింది.

ఒక విధంగా మీ పని తేలిక. మిర్యాలగూడ రైస్ మిల్లు వాళ్లకు బాయిలర్ ఒక తలనొప్పి, ఊక బూడిద ఇంకొకటి, వడ్లు నానబెట్టిన నీళ్లు మరొకటి. మీకున్నది ఒక్కటే, దుమ్ము. పీసీబీ ఫైల్లో అది గాలి కాలుష్యం. ఫ్యాక్టరీల శాఖ ఫైల్లో అది వృత్తి జబ్బుకు కారణం. రైతు అర్జీలో పంట నష్టం. మీ స్టాక్ రిజిస్టర్లో అయితే షార్టేజి. నలుగురు నాలుగు పేర్లతో పిలిచినా బయటికొచ్చే రంధ్రం ఒకటే. ఆ రంధ్రం దగ్గర పట్టుకుంటే నాలుగు ఫైళ్లకూ జవాబు దొరుకుతుంది. మీ బావమరిది చెప్పిన మొక్కలు, మాస్కులు రెండూ దుమ్ము గాల్లో కలిశాక చేసే పనులు.

ఇప్పుడు ఆ దుమ్ము ఎంత ఉంటే ఎక్కువ? పాత ఫ్యాక్టరీల చట్టం రెండో షెడ్యూల్లో స్ఫటిక సిలికాకు ఒక లెక్క ఉంది. ఊపిరితిత్తుల లోపలి దాకా వెళ్లేంత సన్నటి దుమ్ములో క్వార్ట్జ్ (అంటే పలుగురాయి, స్ఫటిక సిలికాయే) శాతానికి 2 కలిపి, 10ని దానితో భాగించాలి. మీ రాయి మంచి రాయి, 98 శాతం సిలికా అనుకుందాం. 10ని 100తో భాగిస్తే ఘనపు మీటరు గాలిలో 0.1 మిల్లీగ్రాము. ఎనిమిది గంటల డ్యూటీలో మనిషి సుమారు 10 ఘనపు మీటర్ల గాలి పీలుస్తాడు. అంటే ఒక షిఫ్టు మొత్తానికి 1 మిల్లీగ్రాము. వేలికొనకు అంటుకున్న కాసిని ఉప్పురవ్వలంత. పైగా ఆ లెక్క ఎనిమిది గంటలకే. మన దగ్గర చాలా యూనిట్లలో నడిచేది పన్నెండు గంటల షిఫ్టు.

ఇంకో చిక్కేమిటంటే, ఆ దుమ్ము కంటికి కనబడదు. షెడ్డులో తెల్లగా మంచులా తేలేది, బూట్ల మీద పేరుకునేది మోటు దుమ్ము. అది ముక్కులో, గొంతులో ఆగి తుమ్ముతోనో కఫంతోనో చాలావరకు బయటికొస్తుంది. లోపలికి పోయేది 10 మైక్రాన్ల కంటే చిన్నది, ముఖ్యంగా 4, 5 మైక్రాన్ల లోపుది. అది గాలి తిత్తుల దాకా వెళ్లి కూర్చుంటుంది. ఒంట్లోని రక్షణ కణాలు దాన్ని మింగబోయి చచ్చిపోతాయి. అక్కడ మచ్చ కడుతుంది. మచ్చ మీద మచ్చ పేరుకుని ఊపిరితిత్తి గట్టిపడుతుంది. అదే సిలికోసిస్. దానికి మందు లేదు. దుమ్ములోంచి బయటికి తెచ్చినా కొందరిలో ముదురుతూనే ఉంటుంది. ఇది ఉన్నవాళ్లకు టీబీ తొందరగా అంటుకుంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం స్ఫటిక సిలికాను క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో పెట్టింది 1997లోనే.

మీరు రాసిన వాక్యం ఒకటి నన్ను ఆపేసింది: "మా దగ్గర ఇప్పటిదాకా ఎవరికీ ఏమీ కాలేదు సార్." ఈ మాట ప్రతి ఓనరూ అంటాడు, నిజంగా నమ్మే అంటాడు. కానీ మామూలు మోతాదులో ఈ జబ్బు పైకి తేలడానికి పదేళ్లు, అంతకంటే ఎక్కువే పడుతుంది. మోతాదు ఎక్కువైతే అయిదు నుంచి పదేళ్లలో, మరీ విపరీతంగా ఉంటే కొన్ని నెలల్లోనే. మీ దగ్గర పనిచేసేవాళ్లు ఎన్నాళ్లుంటారు? ఒడిశా నుంచో బిహార్ నుంచో ఒక బ్యాచ్ వస్తుంది, సీజనో రెండు సీజన్లో చేస్తుంది, వెళ్లిపోతుంది. దగ్గు మొదలయ్యేది వాళ్ల ఊళ్లో. అక్కడి డాక్టరు టీబీ అనుకుని ఆరు నెలలు మందులిస్తాడు. తగ్గదు, మళ్లీ ఇస్తాడు. ఈ కబురు బాలానగర్ దాకా రాదు. పాలమూరు లేబర్ అంటే ముంబై నుంచి ప్రాజెక్టుల దాకా దేశమంతా తెలిసిన జిల్లా మనది. గుంపు మేస్త్రీ వెంట వెళ్లి, ఒళ్లు గుల్ల చేసుకుని తిరిగొచ్చిన మనుషులు మన ఇళ్లలోనే ఉన్నారు. ఎవరి రిజిస్టర్లో ఏమీ రాయకపోయినా జబ్బు ఎక్కడికి చేరుతుందో మనకు ఒకరు చెప్పక్కర్లేదు.

గుజరాత్‌లో గోధ్రా వైపు క్వార్ట్జ్ యూనిట్లలో జరిగింది సరిగ్గా ఇదే. మధ్యప్రదేశ్‌లోని ఝాబువా, అలీరాజ్‌పూర్ నుంచి వెళ్లిన ఆదివాసీలు పనిచేసి, తిరిగొచ్చి, సొంత ఊళ్లలో చనిపోయారు. 238 మంది కుటుంబాలకు మూడేసి లక్షలు ఇవ్వాలని జాతీయ మానవ హక్కుల కమిషన్ 2010లో సిఫారసు చేసింది. 2016లో సుప్రీంకోర్టు గుజరాత్ ప్రభుత్వాన్ని ఆ డబ్బు కట్టమంది. 2024 ఆగస్టులో ఇచ్చిన తీర్పులో, సిలికోసిస్ వచ్చే పరిశ్రమల కాలుష్యాన్ని చూసే బాధ్యత జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు (ఎన్‌జీటీకి), పరిహారం చూసే బాధ్యత మానవ హక్కుల కమిషన్‌కు అప్పగించింది. మీ కస్టమర్ లీగల్ డిపార్ట్‌మెంట్ ఇవన్నీ చదివే ఉంటుంది. ఫారంలో సిలికా గురించి విడిగా అడిగారంటే ఊరికే అడగలేదు.

సరే, పనికి వద్దాం. ఈ రాత్రే ఒక పని చేయండి. మిల్లు నడుస్తుండగా షెడ్డు లైట్లన్నీ ఆర్పించి, మంచి టార్చిలైటు పట్టుకుని లోపలికెళ్లండి. మీరు మాస్కు పెట్టుకునే వెళ్లండి. టార్చి ఇంకొకరి చేతికిచ్చి, వెలుతురు మీ వైపు వచ్చేలా మీరు ఎదురుగా కాస్త పక్కన నిలబడాలి. ట్యూబ్‌లైటులో శుభ్రంగా కనబడిన గాలి ఆ వెలుతురులో పొగలా కదులుతుంది. జా క్రషర్ నోరు, వైబ్రేటింగ్ స్క్రీన్ అంచులు, ఎలివేటర్ బూటు, మిల్లు డిశ్చార్జి, ఆఖరున సంచి నింపే గొట్టం, ఒక్కొక్కటి చూసుకుంటూ పోండి. సుద్దముక్కతో నంబర్లు వేయండి, ఫోన్‌లో వీడియో తీయండి. కన్సల్టెంట్ కలర్ ప్రింట్లో ఇచ్చే రిపోర్టు కంటే ఇది మీకు ఎక్కువ చెబుతుంది.

నాకు తెలిసి పది యూనిట్లలో తొమ్మిదింట్లో అన్నిటికంటే ఎక్కువ పొగ సంచి దగ్గరే కనబడుతుంది. కారణం చూడండి. పొడి పై నుంచి సంచిలో పడుతుంది. సంచిలో అప్పటిదాకా ఉన్న గాలి ఎటో పోవాలి కదా, మెత్తటి పొడిని మోసుకుంటూ మూతి దగ్గర నుంచి పైకి తన్నుతుంది. అక్కడే, అర మీటరు దూరంలో, సంచి పట్టుకున్న మనిషి ముఖం ఉంటుంది. నిండాక సంచిని రెండుసార్లు నేలకేసి కొడతాడు, పొడి సర్దుకోవాలని. కుట్టు రంధ్రాల్లోంచి మళ్లీ పొగ. పక్కన ఒకామె తిరిగొచ్చిన పాత సంచుల్ని దులుపుతూ ఉంటుంది. జీతాల పట్టీలో ఆమె పని 'క్లీనింగ్' అని ఉంటుంది. యూనిట్ మొత్తంలో దుమ్ము ఎక్కువ తినేది చాలాసార్లు ఆమే. పాత సంచుల వాడకం ఆపేయండి, దానికి మెషీన్ కూడా అక్కర్లేదు.

సంచి మూతికి హుడ్ కావాలి, అంటే పీల్చే మూతి. ఇక్కడ మన ఫ్యాబ్రికేటర్లు చేసే తప్పు ఒకటుంది. మనిషికి అడ్డం రాకూడదని హుడ్‌ను ఎత్తున, వంటింటి చిమ్నీలా వేలాడదీస్తారు. అప్పుడు దుమ్ము హుడ్‌లోకి వెళ్లే దారిలో ముందు మనిషి ముక్కు తగులుతుంది! హుడ్ సంచి మూతి పక్కనో వెనకో ఉండాలి, వీలైనంత దగ్గరగా. పీల్చే గాలికి ఒక మొండి లెక్క ఉంది: దూరం రెట్టింపైతే అదే పట్టు కోసం దాదాపు నాలుగు రెట్లు గాలి లాగాలి. 15 సెంటీమీటర్ల దూరంలో చిన్న ఫ్యాన్‌తో అయ్యే పనికి 30 సెంటీమీటర్లలో పెద్ద మోటారు కావాలి, నెలనెలా కరెంటు బిల్లు కూడా ఆ మేరకు. అన్నిటికంటే మంచిది గొట్టం చుట్టూ గొట్టం. లోపలి దాంట్లోంచి పొడి దిగుతుంది, బయటి దాంట్లోంచి గాలి పైకి లాగుతుంది, సంచి మూతిని దానికి బెల్టుతో బిగిస్తారు.

పట్టు సరిపోతోందా లేదా చూడాలంటే అగరుబత్తి వెలిగించి సంచి మూతి చుట్టూ పట్టుకోండి. పొగ ఎటూ తడబడకుండా నేరుగా హుడ్‌లోకి వెళ్లాలి. కొలిచే మీటరుంటే, దుమ్ము లేచే చోట గాలి వేగం సెకనుకు కనీసం 1 మీటరు చూపించాలి. పైపులో మాత్రం సెకనుకు 18 నుంచి 20 మీటర్లు ఉండాలి. తక్కువైతే రాతిపొడి పైపులోనే కూర్చుంటుంది. ఆర్నెల్లకు పైపు సగం పూడుకుపోతుంది, ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, అందరూ సిస్టమ్ నడుస్తోందనే అనుకుంటారు. పైపులో 90 డిగ్రీల మలుపులు వద్దని ఫ్యాబ్రికేటర్‌కు గట్టిగా చెప్పండి. వంపులు నిదానంగా ఉండాలి, అక్కడక్కడా తెరిచి శుభ్రం చేసే మూతలు పెట్టించుకోండి.

ఆ గాలి బ్యాగ్ ఫిల్టర్‌కు, అంటే గుడ్డ బ్యాగులతో దుమ్మును వడకట్టే పెట్టెకు వెళ్తుంది. ఫిల్టర్‌కు ముందు ఒకటి, తర్వాత ఒకటి సన్నటి ప్లాస్టిక్ గొట్టాలు పెట్టి, యు ఆకారంలో వంచి, రంగు నీళ్లు పోసి బోర్డుకు బిగించండి. రెండు వైపుల నీళ్ల మట్టంలో తేడాయే మీ ఫిల్టర్ నాడి. కొత్త బ్యాగులు నాలుగు రోజులు నడిచాక ఆ తేడా ఎంతుందో బోర్డు మీద గీత గీసి పెట్టుకోండి. సాధారణంగా 100 నుంచి 150 మిల్లీమీటర్లు దాటనివ్వరు. పెరుగుతూ పోతే బ్యాగులు పూడుతున్నట్టు. ఒక్కసారిగా పడిపోతే ఏదో బ్యాగు చిరిగినట్టు. షిఫ్టుకు ఒకసారి ఆపరేటర్ ఆ అంకె పుస్తకంలో రాయాలి. వానాకాలంలో, ఆ బ్యాగులను గాలితో దులిపే కంప్రెసర్ ట్యాంకులో చేరిన నీళ్లు రోజూ బయటికి వదిలేయండి, లేకపోతే బ్యాగుల మీద పొడి ముద్దలా గట్టిపడుతుంది. ఇంకొకటి, నేను చాలాచోట్ల చూసింది: ఇంత ఖర్చు పెట్టి పట్టిన పొడిని ఫిల్టర్ అడుగు నుంచి తెరిచిన సంచిలోకి వదులుతారు. యూనిట్ మొత్తంలో అత్యంత సన్నటి పొడి అదే! కింద రోటరీ వాల్వు, దానికి గుడ్డ గొట్టం, ఆ గొట్టానికి బిగించిన సంచి, ఈ మూడూ ఉండాల్సిందే.

పట్టిన పొడి వ్యర్థం కాదని మీకు నేను చెప్పక్కర్లేదు. 200 మెష్ జల్లెడ కంటే సన్నటి క్వార్ట్జ్ పొడికి సిరామిక్, పెయింట్ల వైపు గిరాకీ ఉంటుంది. రోజుకు 20 టన్నులు ఆడిస్తే, అందులో అర శాతం గాల్లో పోతుందనుకున్నా 100 కిలోలు. దాన్ని ఏడాదికి లెక్కకట్టి మీ బావమరిదికి చూపించండి, మొక్కల మాట మర్చిపోతాడు.

క్రషర్ దగ్గర కథ వేరు. అక్కడ నీళ్లు వాడొచ్చు. రాయిని ముందే తడపడం, నోటి దగ్గర సన్నటి స్ప్రే. మీ సరుకు పొడిగా ఉండాలి కాబట్టి మిల్లు దగ్గర నీళ్లు కుదరవు, క్రషర్ దగ్గర కొద్దిగా కుదురుతుంది. పైపు తెచ్చి ధారగా పోయడం దండగ. మంచులా పడే నాజిల్ పెడితే నీళ్లు తక్కువ, పట్టు ఎక్కువ. మన జిల్లాలో వేసవిలో బోర్ల పరిస్థితి తెలిసిందే. షెడ్డు రేకుల మీద వాననీళ్లు గుంతకు మళ్లించుకుంటే కొన్ని నెలలు ఈ పనికి బోరు ముట్టక్కర్లేదు. ఫారంలో నీటి కాలమ్‌కు జవాబు కూడా అదే.

పొడి చీపురుతో ఊడవడం మాన్పించండి. కంప్రెసర్ గాలితో బట్టలు దులుపుకోవడం ఇవాళే ఆపించండి. సాయంత్రం పనైపోయాక అందరూ వరసగా నిలబడి గన్నుతో ఊదుకుంటారు చూడండి, పొద్దంతా పీల్చనిది ఆ రెండు నిమిషాల్లో పీలుస్తారు. బదులుగా ఇండస్ట్రియల్ వాక్యూమ్ క్లీనర్ ఒకటి, అతి సన్నటి దుమ్మును పట్టే హెపా ఫిల్టర్ ఉన్నది, కొనండి. బట్టలు మార్చుకునే గది, స్నానానికి నీళ్లు, యూనిఫాం యూనిట్లోనే ఉతికించడం కూడా ఉండాలి. ఆ బట్టలతోనే ఇంటికి పోయి పిల్లల్ని ఎత్తుకుంటారు.

ఇక మాస్కులు. మాస్కు వద్దనను. హుడ్ పెట్టే దాకా అదొక్కటే దిక్కు, పెట్టాక కూడా ఫిల్టర్ బ్యాగులు మార్చేటప్పుడు కావాలి. కానీ తువ్వాల, గుడ్డమాస్కు, ఆస్పత్రి నీలం మాస్కు ఈ దుమ్ముకు పనిచేయవు. ఐఎస్ 9473 ముద్ర ఉన్న ఎఫ్‌ఎఫ్‌పీ2 రకం కానీ, అసలైన ఎన్‌95 కానీ తీసుకోండి. గడ్డం ఉంటే పక్కల నుంచి గాలి దూరుతుంది. ఏప్రిల్, మే నెలల్లో రేకుల షెడ్డు కింద పన్నెండు గంటలు దాన్ని బిగించుకుని బరువులెత్తమంటే ఎవరూ ఉంచుకోరు, మీరూ నేనూ అయినా ఉంచుకోం. గడ్డం కిందికి జారిన మాస్కు ఫొటో చూపించి "లేబర్‌కు అవగాహన లేదు" అంటారు మన ఓనర్లు. నాకు ఒళ్లు మండే మాట అది.

కొలత గురించి. మీ దగ్గర పీసీబీ కోసం చేయించిన గాలి రిపోర్టు ఉందన్నారు. రాతి క్రషర్లకు, మెషీన్ నుంచి 3 నుంచి 10 మీటర్ల దూరంలో గాలిలో తేలే మొత్తం దుమ్ము ఘనపు మీటరుకు 600 మైక్రోగ్రాములు దాటకూడదని పర్యావరణ నిబంధన. అది చుట్టుపక్కల గాలి లెక్క. అందులో పాసైనంత మాత్రాన సంచి పట్టుకున్నవాడి ముక్కు దగ్గర బాగున్నట్టు కాదు. దానికి వేరే పద్ధతి ఉంది. మనిషి కాలర్‌కు మోటు దుమ్మును వేరుచేసే సైక్లోన్ అనే చిన్న పరికరం, నడుముకు పంపు కట్టి, షిఫ్టు మొత్తం తిప్పి, ఫిల్టర్ కాగితాన్ని ల్యాబులో తూచి, క్వార్ట్జ్ ఎంతుందో విడిగా చూస్తారు. ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబును అడిగేటప్పుడు "పర్సనల్ శాంప్లింగ్, రెస్పిరబుల్ సిలికా" అనే రెండు మాటలూ వాడండి. లేకపోతే గేటు దగ్గర మెషీన్ పెట్టి వెళ్లిపోతారు. హుడ్ పెట్టక ముందు ఒకసారి, పెట్టాక ఒకసారి చేయించండి. ముందు వచ్చే అంకె చూసి గుండె గుభేల్‌మంటుంది, దాచకండి. ఆ రెండు అంకెల తేడా మీ ఫారం మొత్తంలో విలువైన జవాబు.

ఆరోగ్య పరీక్షలకు వస్తే, బీపీ, షుగర్ చూసే క్యాంపు దీనికి సరిపోదు. ఛాతీ ఎక్స్‌రే, ఊపిరి పరీక్ష కావాలి. చేరేటప్పుడు ఒకసారి, తర్వాత ఏటా. ఎక్స్‌రే చూసే డాక్టరుకు ఆ మనిషి ఏం పని చేస్తాడో, ఎన్నేళ్లుగా చేస్తున్నాడో కాగితం మీద రాసి పంపండి. ఆ ఒక్క వాక్యం లేకపోతే టీబీ అని రాసేసే ప్రమాదం ఉంది. కాపీ పనివాడి చేతికి ఇవ్వాలి, అతను ఊరు వెళ్లిపోయినా అతని దగ్గర ఉండాలి. ఎవరికైనా మచ్చలు కనబడితే పనిలోంచి తీసేయడం కాదు, దుమ్ము లేని చోటికి మార్చాలి, అదే జీతం మీద. ఒక్కణ్ణి తీసేశారని తెలిస్తే రెండో ఏడాది పరీక్షకు ఒక్కరూ రారు. సిలికోసిస్ చట్టం ప్రకారం అధికారులకు తెలియజేయాల్సిన జబ్బు, కాబట్టి "మన మధ్యే ఉంచుకుందాం" అనే డాక్టరును పెట్టుకోకండి.

పది మంది, అంతకంటే ఎక్కువ ఉంటే ఈఎస్‌ఐ తప్పదు. 21,000 లోపు జీతానికి మీ వాటా 3.25 శాతం, వాళ్లది 0.75 శాతం. కాంట్రాక్టర్ కింద ఉన్నవాళ్లనూ కలిపి లెక్కపెట్టండి. చాలామంది 'మా రోల్స్ మీద ఆరుగురే' అంటారు, షెడ్డులో చూస్తే ఇరవై మంది ఉంటారు. 2025 నవంబర్ 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. పవర్‌తో నడిచే యూనిట్‌కు ఫ్యాక్టరీ అనిపించుకునే సంఖ్య పాత చట్టంలో 10, కొత్త కోడ్‌లో 20. అది చూసి 'మనం బయటపడ్డాం' అనుకునేవాళ్లు ఉన్నారు. ఈఎస్‌ఐకి పది అలాగే ఉంది. నియామక పత్రం ఇవ్వాలన్నది కొత్తగా వచ్చింది. మీ కస్టమర్ ఫారానికి ఈ సంఖ్యలతో అసలు సంబంధమే లేదు, అయిదుగురున్నా అడుగుతాడు.

2025 జూన్ 30న పాశమైలారం ఫార్మా ఫ్యాక్టరీ పేలుడులో 40 మందికి పైగా చనిపోయాక, మన వైపు కూడా తనిఖీలంటే ఓనర్లకు కాస్త భయం పట్టుకుంది. మంచిదే. మీ పొడి మాత్రం పేలదు, రాయి కాలదు కదా. పేలుడైతే ఆ రాత్రికే టీవీలో వస్తుంది. మీ దగ్గర జరిగేది ఏ తనిఖీ రోజునా కనబడదు. అందుకే అధికారి వచ్చిపోయిన తేదీలు కాకుండా, ఆ యు గొట్టం రీడింగుల పుస్తకం చూసి మీ యూనిట్‌ను అంచనా వేసుకోండి.

ఇప్పుడు ఫారం. మీరే నింపండి, పెద్ద కష్టమేమీ లేదు. కరెంటు: పన్నెండు నెలల బిల్లులు, అదే కాలంలో టన్నులు, భాగించండి. గ్రైండింగ్‌లోనే ఎక్కువ పోతుంది. కంప్రెసర్ లీకులు, పవర్ ఫ్యాక్టర్ సరిచేస్తే కొంత తగ్గుతుంది. సోలార్ మంచిదే, డబ్బుంటే పెట్టండి, హుడ్ తర్వాత. దుమ్ము: ల్యాబు అంకె ఉన్నది ఉన్నట్టు రాసి, పక్కనే ఏ నెలలోపు ఏం బిగిస్తారో రాయండి. 'సమస్య లేదు' అని రాసిన సప్లయర్ కంటే 'ఇంత ఉంది, ఇది చేస్తున్నాం' అని రాసినవాణ్ణి ఆడిటర్లు ఎక్కువ నమ్ముతారు, ఎందుకంటే పలుగురాయి యూనిట్లో సమస్య లేదంటే అబద్ధమని వాళ్లకూ తెలుసు. కన్సల్టెంట్ రెండు లక్షలు హుడ్‌కు పెట్టండి. సర్టిఫికెట్ కావాలంటే ఎంఎస్‌ఎంఈ శాఖ జెడ్ పథకం ఉంది, మైక్రో యూనిట్లకు ఫీజులో 80 శాతం, స్మాల్ యూనిట్లకు 60 శాతం సబ్సిడీ. మొదటి మెట్టు బ్రాంజ్‌తో మొదలుపెట్టొచ్చు. పర్యావరణానికి ఐఎస్‌ఓ 14001, పనివాళ్ల భద్రతకు 45001 సర్టిఫికెట్లు మీ సైజుకు ఇప్పుడే అవసరం లేదు, కస్టమర్ పట్టుబడితే అప్పుడు చూడండి.

రైతు విషయం ఆఖరికి ఉంచాను, కానీ ఆలస్యం చేయకండి. అతని పత్తి మీద పడేది ఎక్కువగా మోటు దుమ్ము. బ్యాగింగ్ హుడ్ ఒక్కదానితో అది ఆగదు. లోపల లారీలు తిరిగే దారి సిమెంటు చేయించాలి, కుదరకపోతే రోజుకు రెండుసార్లు తడపాలి. లారీలకు టార్పాలిన్ కట్టనిదే గేటు దాటనివ్వకండి. పొడి కుప్పలు ఆరుబయట ఉండకూడదు. అతని చేను వైపు గాలికి అడ్డంగా రేకుల గోడ లేపండి, దాని బయట మొక్కలు నాటండి. మీ బావమరిదికి ఇక్కడ పని దొరికింది. పీసీబీ వాళ్లు వచ్చే లోపే మీరు ఒకసారి అతని దగ్గరికి వెళ్లి, ఏ మెషీన్‌కు ఏ నెలలో దుమ్ము ఆపే ఏర్పాటు చేస్తున్నారో చెప్పి రండి. గాలి పడమర నుంచి వీచే నెలల్లో, పత్తి పగిలే రోజుల్లో దుమ్ము ఎక్కువ పడే వేళలేవో అతన్నే అడగండి. ఏ షిఫ్టులో ఫిల్టర్ ఆపేసి మిల్లు నడుపుతున్నారో మీ సూపర్‌వైజర్ కంటే అతనికే బాగా తెలుస్తుంది.